పనిచోట మనసు బరువెక్కితే ఎవరితో చెప్పుకోవాలి?

ప్రసంగ పాఠం, స్టూవర్టుపురం, బాపట్ల మండలం. ఫోన్‌లో చదువుకోవడానికి, వాట్సాప్‌లో పంపుకోవడానికి.

  

మా సమాచార శాఖ నుంచి మీ గ్రూపుల్లోకి పథకాల పీడీఎఫ్‌లు చాలానే వస్తుంటాయి. వాటిలో ఎక్కడో ఒకచోట ఒక లబ్ధిదారు ఫొటో ఉంటుంది, కింద పేరు, ఊరు, నాకు ఇంత మేలు జరిగింది అన్న ఒక మాట ఉంటాయి. దీంట్లో అలాంటి ఫొటో ఒక్కటి కూడా లేదు. మర్చిపోయి కాదు, కావాలనే పెట్టలేదు. ఎందుకో కాసేపటికి చెప్తాను. ఇవాళ్టి సంగతంతా దాని చుట్టూనే ఉంది.

ముందు సేవ ఏమిటో చెప్పేస్తాను. పనిలో ఒత్తిడి వల్ల గానీ, ఇంటి బాధను పనిచోటికి మోసుకెళ్ళడం వల్ల గానీ మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం శిక్షణ పొందిన మనుషుల్ని పెట్టింది. నంబరు 14416. సేవ పేరు టెలి మానస్. ఈ నంబరు కలవకపోతే 1800 891 4416. రెండూ ఉచితమే. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఆధార్ అడగరు, రేషన్ కార్డు అడగరు, కుల ధ్రువీకరణ పత్రం అడగరు. దీనికి అర్హత, అనర్హత అంటూ ఏమీ లేవు. దేశమంతటా 2022 అక్టోబరు 10న మొదలైంది. ఆ రోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు.

ఇంతే అయితే ఒక పోస్టరు అంటించి పోవచ్చు. అంటించాం కూడా. నంబరు తెలిసినవాళ్ళు కూడా ఫోన్ చేయడం లేదే, అదీ అసలు విషయం.

పనిచోటు అంటే ఏది?

"పనిచోట మానసిక ఆరోగ్యం" అనగానే ఏసీ గది, కంప్యూటరు, మెడలో ఐడీ కార్డు గుర్తుకొస్తాయి. హైదరాబాద్, విశాఖల్లో పెద్ద కంపెనీలు దీనికోసం ఏర్పాట్లు చేసుకుంటాయి, నిజమే. కంపెనీయే బయటి సంస్థకు డబ్బు కట్టి కౌన్సెలర్లను పెడుతుంది. ఉద్యోగి నేరుగా ఆ కౌన్సెలర్‌తో మాట్లాడుకుంటాడు. ఎవరు మాట్లాడారు, ఏం మాట్లాడారు అన్నది కంపెనీకి చేరదు. ఈ నెల ఎంతమంది ఈ సేవ వాడుకున్నారన్న లెక్క మాత్రం చేరుతుంది. ఈ ఒక్క ఏర్పాటును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మన దగ్గర పనిచోటు అంటే రొయ్యల షెడ్డు. పొద్దుటినుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి, కిలో లెక్కన కూలి. పనిచోటు అంటే వరిచేను, ఇటుక బట్టీ, రైసు మిల్లు, చీరాల మగ్గం గుంట, మార్టూరు వైపు గ్రానైట్ పాలిషింగ్, వేటపాలెంలో జీడిపప్పు బత్తీలు. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళకు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది, సెంట్రింగ్ పని, హోటలు వంటగది. ఊళ్ళో ఉన్నవాళ్ళలో ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ ఆయా, పారిశుద్ధ్య కార్మికుడు, నెలాఖరుకు టార్గెట్లు చూసుకునే సచివాలయం ఉద్యోగి. వీళ్ళలో ఎవరికీ కంపెనీ కౌన్సెలర్ ఉండడు. అందుకే ప్రభుత్వ సేవ వీళ్ళకే ఎక్కువ కావాలి.

ఎంత పెద్ద సమస్య అంటారా? 2015-16లో నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. మన తెలుగు రాష్ట్రాలు ఆ 12లో లేవు. అయినా దేశం సంగతి తెలుస్తుంది: పెద్దవాళ్ళలో నూటికి 10 మందికి పైగా, అప్పటికప్పుడు చికిత్స కావలసిన ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి ఏ చికిత్సా అందలేదు. డిప్రెషన్, ఆందోళన అనే రెండు జబ్బుల వల్లే ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అది యజమానుల వైపు లెక్క. కూలివాళ్ళ వైపు నుంచి చూస్తే పోయిన ప్రతి పనిదినం ఆ పూట బియ్యం.

మన భాషలో చెప్పుకుందాం

డిప్రెషన్ అనే మాట మనవాళ్ళు వాడరు. దిగులు అంటారు, బెంగ అంటారు, మనసు బాగోలేదంటారు. ఎక్కువమంది అసలు మనసు ఊసే ఎత్తరు. తలనొప్పి, గుండె దడ, ఒళ్ళంతా తిమ్మిర్లు, నరాల వీక్‌నెస్ అని ఆర్ఎంపీ డాక్టరు దగ్గరికి పోతారు. ఆయన ఒక సెలైన్ ఎక్కిస్తాడు, బలానికి ఇంజెక్షన్ ఇస్తాడు. వెయ్యో రెండు వేలో అవుతుంది. వారం తిరక్కుండా మళ్ళీ అదే. ఒంట్లో నొప్పి అబద్ధం కాదు, నిజంగానే ఉంటుంది. దాని వేరు మాత్రం వేరేచోట ఉండొచ్చు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, లేదా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి గుండెల్లో రాయి పడ్డట్టు ఉండటం. ఇష్టమైన కూర కూడా సహించకపోవడం. పనిలో చేయి తప్పడం: రోజూ చేసే పనే, కానీ లెక్క తప్పుతుంది, కత్తి తెగుతుంది. పిల్లల మీద అయినదానికీ కానిదానికీ కసురుకోవడం. మందు మామూలుకంటే పెరగడం. నేను ఉండి ఎవరికి ఉపయోగం అనే ఆలోచన మళ్ళీ మళ్ళీ రావడం. ఇవన్నీ ఒకేసారి ఉండాలని లేదు. ఇందులో రెండు మూడు ఉండి, రెండు వారాలు దాటి, రోజువారీ పనికి అడ్డం పడుతుంటే ఫోన్ చేయాల్సిన సమయం వచ్చినట్టే. చివరిదైతే రెండు వారాలు ఆగక్కర్లేదు. అప్పుడే చేయండి.

ఫోన్ చేస్తే ఏమవుతుందో చెప్తాను. తెలియని దానికి భయం ఎక్కువ. 14416 కొడితే ముందు రికార్డు చేసిన గొంతు భాష ఎంచుకోమంటుంది, తెలుగు ఎంచుకోండి. తర్వాత మనిషి లైన్‌లోకి వస్తారు. ఆ మనిషి పోలీసు కాదు, మీ మండలంలో పనిచేసే ఉద్యోగి కాదు, మీ షెడ్డు యజమానికి బంధువు కాదు. శిక్షణ పొందిన కౌన్సెలర్. మాట్లాడటానికి ఇప్పుడు వీలుగా ఉందా, ఏం జరుగుతోంది, ఎన్నాళ్ళనుంచి, నిద్ర ఎలా ఉంది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అని అడుగుతారు. ఈ చివరి ప్రశ్న విని ఉలిక్కిపడకండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు. పుట్టదు. ఉన్న ఆలోచనను బయటికి చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది, అంతే. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే ముందుగా చెప్పండి.

ఎక్కువ కాల్స్ ఆ మాటలతోనే సర్దుకుంటాయి. మందులు కావాలనిపిస్తే సైకియాట్రిస్టుకు కలుపుతారు, లేదా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పొమ్మంటారు. మనకైతే బాపట్ల ఏరియా ఆసుపత్రి, ఇంకా పెద్ద వైద్యం అవసరమైతే గుంటూరు సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగం. మందులు మొదలుపెట్టాక ఒక మాట గుర్తుంచుకోండి: జ్వరం బిళ్ళలా పూటలో పనిచేయవు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకొని, ఏం తేడా లేదని మానేసేవాళ్ళే ఎక్కువ. తగ్గింది కదా అని డాక్టరును అడక్కుండా మానేయడం కూడా అంతే ప్రమాదం.

ఫోన్‌లో మాట్లాడటం అలవాటు లేనివాళ్ళు ఊళ్ళోని విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్ళొచ్చు. బీపీ చూపించుకోవడానికి వెళ్ళినట్టే వెళ్ళండి. బయట కూర్చున్నవాళ్ళకు ఏ సంగతీ తెలియదు.

ఎరుకల ఇళ్ళలో పెద్దామెలు సోది చెప్పేవాళ్ళు. ఇప్పటికీ కొందరు చెప్తారు. చేతిలో కర్ర, ముందు చేట. ఏ ఊరికి పోయినా ఆడవాళ్ళు చుట్టూ చేరి, అత్తకు చెప్పుకోలేనిది, మొగుడికి చెప్పుకోలేనిది ఆ పరాయి ఊరి ఆమె ముందు పెట్టుకునేవాళ్ళు. ఎందుకు? ఆమె మళ్ళీ తన దారిన తాను వెళ్ళిపోతుంది. మాట ఊళ్ళో తిరగదు. మనసులో బరువు పరాయి మనిషి ముందు దించుకోవడం మనకు కొత్త కాదని చెప్పడానికే ఈ మాట అంటున్నాను. తేడా ఒకటుంది. కౌన్సెలర్ జోస్యం చెప్పరు, దోషం ఉందనరు, కోడిని అడగరు. మీరు చెప్పింది విని, అందులోంచే దారి వెతుకుతారు.

రిజిస్టరు భయం

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీకు మీ ఊరి చరిత్ర చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ పీడీఎఫ్ వేరే ఊళ్ళకు కూడా పోతుంది కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి.

1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఈ సెటిల్‌మెంటు వచ్చింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దీనికి పెట్టారు. నడిపించింది సాల్వేషన్ ఆర్మీ. ఫలానా కులంలో పుట్టినందుకే మనిషి పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. ఇక్కడి కుటుంబాలు చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి పనికి వెళ్ళేవి. పనికి పంపే చెయ్యి, నిఘా పెట్టే చెయ్యి ఒకటే. పనిలోకి రాకపోతే అది ఒంట్లో బాగోలేకపోవడం కాదు, పారిపోవడం.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. కాగితం మీద పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటి మనిషి ముఖం మారడం అంత తొందరగా పోలేదని నాకంటే మీకే బాగా తెలుసు. పనికోసం వెళ్ళినచోట ఊరి పేరు అడిగితే బాపట్ల అనో, చీరాల దగ్గర అనో చెప్పుకునే పిల్లలున్నారు. సినిమా వచ్చినప్పుడల్లా, ఎక్కడో దొంగతనం వార్త వచ్చినప్పుడల్లా ఆ పేరు మళ్ళీ పైకి లేస్తుంది. జర్నలిజం చదువుకున్నవాడిగా చెప్తున్నాను, పేపర్లవాళ్ళం ఇందులో మా వంతు పాపం మేమూ కట్టుకున్నాం. షెడ్డులో ఒక ఫోన్ కనిపించకపోతే ముందు ఎవరి వైపు చూస్తారు? ఆ చూపును రోజూ మోస్తూ పనిచేయడం ఒక పని. దానికి కూలి లేదు.

అలాంటి ఊరికి ఇవాళ ప్రభుత్వం వచ్చి, "మీ మనసులో ఏముందో మాకు చెప్పండి, రాసుకుంటాం" అంటే ఎవరు చెప్తారు? చెప్పకపోవడం మూర్ఖత్వం కాదు, అనుభవం. నంబరు తెలిసీ ఫోన్ ఎందుకు చేయరంటే నాకు తోచిన ఒక కారణం ఇదే. ఇంకో కారణం, పిచ్చోడని ముద్ర వేస్తారన్న భయం. అది ఊరూరా ఉన్నదే. కానీ ఇక్కడ ఒక ముద్ర మీద ఇంకో ముద్ర పడుతుంది.

కాబట్టి చట్టం ఏమంటుందో కొంచెం తీరిగ్గా చెప్తాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 23 ప్రకారం మీ మానసిక ఆరోగ్యం, చికిత్స, సంబంధిత సంగతులు రహస్యంగా ఉంచడం మీ హక్కు. దయ కాదు, హక్కు. చికిత్స చేసేవాళ్ళు బయటపెట్టకూడదు. మినహాయింపులు ఉన్నాయి, దాచను: మీరు నియమించుకున్న ప్రతినిధికి చెప్పొచ్చు, మీ వైద్యంలో పాలుపంచుకునే ఇతర డాక్టర్లకు చెప్పొచ్చు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే దాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంతవరకు చెప్పొచ్చు, కోర్టు లేదా చట్టం కింద ఏర్పడ్డ అధికార సంస్థ ఆదేశిస్తే చెప్పాలి, ప్రజా భద్రత కోసం అవసరమైతే చెప్పొచ్చు. ఈ జాబితాలో యజమాని లేడు. మేస్త్రి లేడు. సర్పంచ్ లేడు. మా శాఖ కూడా లేదు.

సెక్షన్ 24 మా శాఖకే సూటిగా తగులుతుంది. చికిత్స పొందుతున్న మనిషి ఫొటో గానీ, వివరాలు గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా పేపర్లకు, టీవీలకు ఇవ్వకూడదు. ఫోన్, ఇంటర్నెట్ కూడా ఇందులోకే వస్తాయి. ఒప్పుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో ఫొటో వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒకరి నవ్వు ముఖం చూపించి పదిమందిని రమ్మనడం మా పద్ధతి. ఇక్కడ ఆ ముఖం చూసి పదిమంది వెనక్కి పోతారు, రేపు మా ఫొటో కూడా వేస్తారేమోనని. ఇందాక చెప్తానన్న కారణం అదీ.

ఇంకా మూడు సంగతులు. మానసిక జబ్బు ఉందని డాక్టరు తేల్చినంత మాత్రాన ఆ మనిషి మతిస్థిమితం లేనివాడని అనడానికి వీల్లేదు, అది కోర్టు మాత్రమే చెప్పాలి. ప్రాణం తీసుకోబోయి బతికినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉండి అలా చేశారనే ముందుగా భావించాలని సెక్షన్ 115 చెప్తుంది. వాళ్ళకు వైద్యం, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళేవాళ్ళు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, 108కి ఫోన్ చేయండి. మూడోది, ఒంటి జబ్బులకు ఇన్సూరెన్సు ఎలా వర్తిస్తుందో మనసు జబ్బులకూ అలాగే వర్తింపజేయాలని సెక్షన్ 21 చెప్తుంది.

కులం పేరుతో పదిమంది ఎదుట తిట్టడం పనిలో ఒత్తిడి కాదు, నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కింద కేసు పెట్టొచ్చు. దానికి కౌన్సెలింగ్ సరిపోదు. ఉచిత న్యాయ సలహాకు 15100 ఉంది. ఆడవాళ్ళకు పనిచోట లైంగిక వేధింపులు ఎదురైతే 2013 చట్టం కింద, పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోటైనా సరే, జిల్లాలో స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మూడు నెలల లోపు ఇవ్వాలి. తట్టుకోవడం ఎలాగో నేర్పించి పంపేస్తే చాలనుకునే యజమానులకు కూడా ఈ మాట వర్తిస్తుంది: కొన్ని బాధలకు మందు మనసులో ఉండదు, పనిచోటులోనే ఉంటుంది.

షెడ్డు యజమానులకు, మేస్త్రీలకు

ఇది చదివే యజమానులు ఉంటే, మీతో కొంచెం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అనేది 1996లో మొదలైంది. పనిచోట ఒత్తిడి తగ్గించడం, ఆత్మహత్యల నివారణ ఆ కార్యక్రమం చేయాల్సిన పనుల్లో ఉన్నాయి. అంటే మీ షెడ్డుకో, మిల్లుకో వచ్చి అరగంట మాట్లాడి వెళ్ళమని జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయాన్ని మీరు అడగొచ్చు. ఒక లెటరు రాస్తే చాలు. అడిగేవాళ్ళే తక్కువ.

వాళ్ళు వచ్చినప్పుడు మీరు చేయాల్సింది ఒకటే: అక్కడినుంచి లేచి వెళ్ళిపోవడం. మీరు కుర్చీ వేసుకొని ముందు కూర్చుంటే ఎవరూ నోరు విప్పరు. ఎవరెవరు మాట్లాడారో తర్వాత అడక్కండి. హాజరు పట్టీ మీద సంతకాలు పెట్టించకండి. హైదరాబాద్ కంపెనీల ఏర్పాటు ఇందాక చెప్పాను కదా, అక్కడ కంపెనీకి చేరేది లెక్క మాత్రమే, పేర్లు కావు. పదివేలమంది ఉన్న కంపెనీలో లెక్క చెప్తే ఎవరో తెలియదు. ముప్పైమంది ఉన్న షెడ్డులో ఇద్దరు మాట్లాడారు అంటే ఎవరో సాయంత్రానికి తెలిసిపోతుంది. కాబట్టి మీకు లెక్క కూడా వద్దు.

14416 పోస్టరు మీ ఆఫీసు గది తలుపు మీద అంటిస్తే, దాన్ని చదువుతూ నిలబడటానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు లోపలి వైపు అంటించండి. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర అంటించండి. ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకునే షెడ్లున్నాయి. అవసరమని అడిగిన మనిషికి ఇరవై నిమిషాలు ఫోన్ ఇచ్చి, ఎవరికి అని అడగకుండా ఉండండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో కార్మికులకు ఇచ్చే శిక్షణతో పాటు, పని చేయించేవాళ్ళకు శిక్షణ ఇవ్వాలని, పని పద్ధతులనే మార్చాలని ఉంది. మన దగ్గరికి తెస్తే దాని అర్థం చాలా చిన్నది. వారం బట్వాడా చెప్పిన రోజున ఇవ్వడం. రేపు పని ఉందో లేదో ఇవాళ సాయంత్రమే చెప్పడం. అడ్వాన్సు తీసుకున్న మనిషిని పదిమందిలో ఆ అప్పు ఎత్తి అవమానించకపోవడం. మనసుకు ఇంతకంటే పెద్ద వైద్యం చాలాచోట్ల అక్కర్లేదు.

మేస్త్రీ అన్నా, అక్కా, మీరు డాక్టర్లు కానక్కర్లేదు. మీ ముఠాలో ఒక మనిషి నాలుగు రోజులుగా అన్నం క్యారేజీ తెరవడం లేదని ముందు కనిపెట్టేది మీరే. పక్కకు తీసుకెళ్ళి "ఏంటి, ఒంట్లో బాగోలేదా?" అని అడగండి. చెప్తే వినండి. "ఇంతోటి దానికేనా?" అనకండి. "మాకు లేవా కష్టాలు?" అనకండి. నంబరు ఇవ్వండి. చచ్చిపోతాననే మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు ఉంటే ఆ పూటే అక్కడినుంచి తీయించండి, వాళ్ళ ఎదురుగానే 14416 కలిపి ఫోన్ చేతికివ్వండి. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108 గానీ 112 గానీ.

డబ్బు సంగతి

చికిత్స తీసుకుంటే కూలి పోతుంది కదా అని అడుగుతారు. మీరు పనిచేసేచోట ఈఎస్ఐ ఉంటే, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్ళకు అది వర్తిస్తుంది. జీతంలోంచి నూటికి 75 పైసలు మీరు కడతారు, 3 రూపాయల 25 పైసలు యజమాని కడతాడు. జబ్బుతో పనికి రాలేకపోతే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. దీర్ఘకాల జబ్బుల జాబితాలో స్కిజోఫ్రీనియా, తీవ్రమైన డిప్రెషన్ లాంటి మానసిక జబ్బులు కూడా ఉన్నాయి. వాటికి, రెండేళ్ళు వరసగా ఈఎస్ఐలో ఉండి చందా షరతులు పూర్తయినవాళ్ళకు, గరిష్ఠంగా రెండేళ్ళ వరకు 80 శాతం దాకా వస్తుంది. మీ పే స్లిప్‌లో ఈఎస్ఐ కోత ఉందో లేదో ఇవాళే చూసుకోండి. కోత ఉండి కార్డు చేతికి రాలేదంటే, ఈఎస్ఐ శాఖా కార్యాలయంలో అడగండి.

రోజుకూలివాళ్ళలో చాలామందికి ఈఎస్ఐ లేదు. అది నిజం, నేను తియ్యగా చెప్పలేను. వాళ్ళకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచిత వైద్యం, ఉచిత మందులు ఉన్నాయి, పోయిన కూలికి మాత్రం పరిహారం లేదు. అందుకే ముదరకముందే ఫోన్ చేయమని అంతగా చెప్పడం. ఫోన్‌కు పని మానక్కర్లేదు, ఏరియా ఆసుపత్రికి పోవాలంటే ఒక పూట పోతుంది.

జబ్బు ముదిరి అసలు పనే చేయలేని స్థితికి వచ్చినవాళ్ళకు సదరం శిబిరంలో మానసిక జబ్బును కూడా వైకల్యంగా పరీక్షిస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే దివ్యాంగుల పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి మాత్రం పేరు రాయక తప్పదు. కానీ అది మీరు అడిగి రాయించుకునే పేరు, వద్దనుకుంటే మానుకునే పేరు.

మందు అలవాటు మానాలనుకునేవాళ్ళకు విడిగా 14446 ఉంది. 14416తో కలిపేసుకోకండి, ఒక్క అంకె తేడా. పొరపాటున ఒకటి బదులు ఇంకోటి కొట్టినా కంగారు పడకుండా సంగతి చెప్పండి.

ఇంట్లో అందరూ ఒకే ఫోన్ వాడేవాళ్ళు, కాల్ అయ్యాక లిస్టులోంచి ఆ నంబరు తీసేసుకోవచ్చు. నంబరును ఏ పేరుతో సేవ్ చేసుకుంటారో మీ ఇష్టం. గ్యాస్ బుకింగ్ అని పెట్టుకున్నా కలుస్తుంది.